గొర్రె కళ్ళ మీద చెయ్యి

ఆదివారం పొద్దున హుజూర్‌నగర్ బజారులో నడుస్తుంటే కత్తి నూరుతున్న చప్పుడు వినబడింది. తడి రాయి మీద ఇనుము జారే చప్పుడు, సర్రుమని ముందుకు, అంతే సర్రుమని వెనక్కి. మాంసం కొట్టు ముందు కట్టేసిన మేకపోతు ఒకటి చెవులు నిక్కబొడుచుకొని ఆ రాయి వైపే చూస్తోంది. నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. "అన్నా, దాని ముంగట నూరకు. జర లోపలికి పోయి నూరుకో" అన్నాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఇంకింతసేపైతె అది కూరైతది మేడం. దానికేం తెలుస్తది?" అన్నాడు. నాకు కోపం మహా తొందర. మా బాపు నన్ను చిన్నప్పటి నుంచీ 'మిరపకాయ' అనేవాడు. "దానికి తెల్వకపోతె నిన్ను చూసి ఎందుకు వణుకుతాంది?" అని గట్టిగానే అడిగాను. నలుగురూ తిరిగి చూశారు. కూర కోసం నిలబడ్డ ఒకాయన నన్ను గుర్తుపట్టి, "పసుల దవాఖాన మేడం గదనే. పోనియ్యి, లోపల నూరుకో" అని సర్దిచెప్పాడు. అతను గొణుక్కుంటూ రాయి ఎత్తుకొని లోపలికి పోయాడు. నేను కూర కొనకుండానే ఇంటికి వచ్చేశాను. దాని ముందు నూరవద్దన్న మాట నాది కాదు. మా ఊరి మదార్ మామది. ఆయన పోయి ఇన్నాళ్ళయినా ఆ చప్పుడు వింటే నాకు తిండి సయించదు.

మేళ్లచెరువు వైపు, సిమెంటు ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము వేపాకుల మీద కూడా పేరుకునే ఊరు మాది. మేము గొర్రెల మంద ఉన్నవాళ్ళం. మదార్ మామ మా ఊరి ముల్లా. ఇటు వైపు ఊళ్ళ సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర పెళ్ళయినా, దసరా అయినా, చనిపోయిన వాళ్ళ దినమైనా, ఇంట్లో యాటను, అంటే గొర్రెనో మేకనో, కోయాలంటే ముల్లాను పిలుస్తారు. మంద మాది, పండుగ మాది, తినే నోళ్ళు మావి, కత్తి మాత్రం ఆయనది. ఆయన అల్లా పేరు తలుచుకొని కత్తి పెట్టందే మా అవ్వ, అంటే మా అమ్మ, బతికున్నన్నాళ్ళు ఆ కూరను పొయ్యి మీదికి ఎక్కనిచ్చేది కాదు. "ముల్లా ముట్టని కూర మనం ముట్టొద్దు" అనేది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, మూలకు దేవుని పటాలు, నోట్లో ఈ మాట. ఇందులో వింత ఏముందో అడిగితే ఆవిడకు నిజంగా అర్థమయ్యేది కాదు. మెడ దగ్గరి కూర ముల్లా వంతు. అది గిన్నెలో పెట్టి ఎదురింటికి పంపాకే మా ఇంట్లో మిగతా కూరలో కారం పడేది.

ఎదురిల్లే ఆయనది. మనిషి ఎండిన తుమ్మకట్టెలా ఉండేవాడు. మజ్జిగంటే ప్రాణం. మా ఇంట్లో కవ్వం చప్పుడు వినబడిందంటే చాలు, ఏదో పని కల్పించుకొని గడప దగ్గరికి వచ్చేవాడు. బాపుకూ ఆయనకూ రక్తసంబంధం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు 'బావా' అనుకునేవారు. ఆ లెక్కన నేను ఆయనకు కోడల్ని, నా తమ్ముడు శ్రీకాంత్ అల్లుడు. ఆయన కొడుకు ఇమ్రాన్, మా శ్రీకాంత్ ఒక ఈడు వాళ్ళు. ఒకడి చెప్పులు ఇంకొకడు తొడుక్కొని తిరిగేవాళ్ళు. మామ తన కత్తిని బాపు పాత చొక్కా చేతి గుడ్డలో చుట్టి చూరులో దోపుకునేవాడు. నేను గయ్యిమని అరిచినప్పుడల్లా నవ్వి, "కోడలా, నా కత్తినైతె వారానికోపారి నూరాలె. నీ నోటికి ఆ బాధ లేదు" అనేవాడు. నా నోటిని చూసి నవ్విన మగవాడు ఆ ఊళ్ళో ఆయన ఒక్కడే. మిగతా వాళ్ళంతా మా బాపుకు సానుభూతి చెప్పేవాళ్ళు.

నేను ఈ ఉద్యోగంలో ఉన్నానంటే అది మామ చలవే. ఇంటర్ అయ్యాక మహబూబ్‌నగర్ దిక్కున పశువైద్యం నేర్పే పాలిటెక్నిక్‌లో నాకు సీటొచ్చింది. ఆడపిల్లను అంత దూరం పంపాలా వద్దా అని బాపు ఎటూ తేల్చుకోలేక మందను తోలుకొని గట్టు మీదికి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మామ మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. "గొర్లకాడి పిల్ల గొర్ల డాక్టరు గాకపోతె ఇంకెవలైతరు బావా? ఆ సీటు ఎవలికో పట్నపోల్లకిస్తె వాళ్ళు గొర్రె పెంటికలు చూసి ముక్కు మూసుకుంటరు. పోనియ్యి" అన్నాడు.  మర్నాడు నా ట్రంకుపెట్టెను బస్సెక్కించింది మామే. కండక్టరుతో కిరాయి దగ్గర లొల్లి పెట్టుకొని, పెట్టెకు టికెట్టు లేకుండా చేశాడు. 

తెలంగాణ వచ్చిన ఏడు నేను సెలవుకు ఇంటికి వచ్చాను. ఊరంతా గులాల్. శ్రీకాంత్, ఇమ్రాన్ ఒకే బండి మీద జెండా పట్టుకొని ఊరు చుట్టి వస్తున్నారు. ముఖాలకు రంగు ఎంతలా పట్టిందంటే ఎవడు ఎవడో ఇంటివాళ్ళకే తెలియలేదు. ఇమ్రాన్ అనుకొని మామ మా తమ్ముడి నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. ఆ సంబరానికి బాపు ఒక పొట్టేలును ఇచ్చాడు. నేను దాని కాళ్ళు పట్టుకుంటూ మామతో నా గోడు వెళ్ళబోసుకున్నాను. సూది వేయబోతే పశువులు బెదిరి తంతున్నాయనీ, సార్లు నన్ను చూసి నవ్వుతున్నారనీ. మామ పొట్టేలుకు గిన్నెలో నీళ్ళు పెట్టాడు. అది తాగేదాకా కూర్చున్నాడు. కత్తి ఎక్కడా కనబడలేదు. అది ఆయన వెనక, నడుముకు చుట్టిన దట్టీలో ఉంది. అరచేయిని మెల్లగా పొట్టేలు కళ్ళ మీద పెట్టాడు. అది ఒక్కసారి ఊపిరి వదిలి మెడ సడలించింది.

"చూసినవా కోడలా, కత్తి దానికి కానరావద్దు. దాని ముంగట నూరొద్దు. ఒకదాని ముంగట ఇంకోదాన్ని కోయొద్దు" అన్నాడు. "ఎట్లయినా సచ్చేదే గద మామా" అన్నాను నేను, ఇప్పుడు ఆ కొట్టతను అన్నట్టే. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "దాని పానం తీసుకుంటున్నం. అది మన ఆకలికి. భయం గూడ ఎందుకియ్యాలె బిడ్డా? భయం తినేటిది గాదు గద" అన్నాడు. తర్వాత కాలేజీకి పోయి, సూదిని చున్నీ చాటున దాచి, రెండో చేత్తో దూడ కన్ను మూసి సూది వేశాను. అది కదల్లేదు. సార్లు ఎక్కడ నేర్చావని అడిగితే, మా మామ దగ్గర అని చెప్పాను. మీ మామ కూడా పశువుల డాక్టరా అని అడిగారు. అవునన్నాను.

ఉద్యోగం వచ్చి హుజూర్‌నగర్‌లో గది తీసుకున్నాక, ఊరికి పోయినప్పుడల్లా ఏదో ఒకటి మారినట్టు కనబడేది. అన్నిటికంటే ముందు శ్రీకాంత్ మెడ వంగింది. డిగ్రీ సగంలో ఆపి ఇంట్లో ఉన్నాడు. మందకు పోవడం నామోషీ, ఫ్యాక్టరీలో పని దొరకలేదు. పొద్దస్తమానం ఫోను. అన్నం కంచం ముందు కూడా ఫోనే. నేను పక్కన కూర్చొని చూస్తే, ఎక్కడివో తెలియని ఊళ్ళు, ఎవరో తెలియని మనుషులు, కొట్టుకోవడాలు, కాలిపోతున్న దుకాణాలు, వెనక అరుస్తున్న గొంతులు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. "గివన్ని చూసి ఏం జేస్తవురా?" అంటే "నీకు తెల్వదక్కా. మనలను లేకుండ చేస్తరు" అన్నాడు. ఎవర్రా మనల్ని లేకుండా చేసేది, ఎదురింటి మదార్ మామనా అని పకపకా నవ్వాను. వాడు నవ్వలేదు. 

ఆ ఏడు పండుగ ఊరేగింపులో కుర్రవాళ్ళు కత్తులు పట్టుకొని వచ్చారు. అంతకుముందు మా ఊరి ఊరేగింపులో కోలాటం ఉండేది, డప్పు ఉండేది, తాగి పడేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు గాని కత్తులు ఎన్నడూ లేవు. అవి ఎక్కడి నుంచో వ్యానులో వచ్చాయి, ఊరేగింపయ్యాక మళ్ళీ వ్యానులోనే పోయాయి. శ్రీకాంత్ చేతిలో ఉన్నదొక్కటే మా ఇంట్లో ఉండిపోయింది. మసీదు మలుపు దగ్గర పాట గొంతు పెంచారు. మామ తన అరుగు మీద కూర్చొని చూస్తున్నాడు. మా తమ్ముడు ఆయన ఎదురుగా వచ్చినప్పుడు కత్తిని ఇంకాస్త ఎత్తాడు. "ఏందల్లుడా, దానికి అంచే లేదు. చూపెట్టనీకె చేసినట్టున్నరు" అన్నాడు మామ నవ్వుతూనే. వాడి పక్కనున్న వాళ్ళు ఏదో అరిచారు. ఆ సాయంత్రం మామ మజ్జిగకు రాలేదు. బాపు రెండుసార్లు గడప దాకా పోయి చూసి వచ్చాడు.

ఒక చేత్తో చప్పట్లు మోగవని మా అవ్వ అనేది. రెండో చెయ్యి కూడా తయారవుతోందని నాకు పీర్ల పండుగనాడు తెలిసింది. మా ఊళ్ళో పీర్లను ఎత్తుకునేది సగం మంది మావాళ్ళే. పొడుగు కర్రకు రంగు దట్టీలు చుట్టి, పైన వెండి హస్తం పెట్టిన పీరును మా తాత ఎత్తుకున్నాడు, తర్వాత బాపు ఎత్తుకున్నాడు. నిప్పుల గుండం చుట్టూ ఆడటంలో శ్రీకాంత్‌నూ ఇమ్రాన్‌నూ మించినవాళ్ళు లేరు. ఆ ఏడు ఇద్దరూ రాలేదు. మా వాడు, అది మన దేవుడు కాదన్నాడు. ఇమ్రాన్ అప్పటికి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు నింపే పనిలో ఉన్నాడు. అక్కడ కలిసిన వాళ్ళెవరో పట్నంలో మీటింగులకు తీసుకుపోతున్నారు. వాడు తండ్రితో, అది మన దేవుడు కాదు, కట్టెకు మొక్కడం పాపం, ఎదురింటి వాళ్ళ కూర తినడం కూడా పాపమే అన్నాడు. వాళ్ళిద్దరూ చివరిసారి ఒక్కమాట మీద నిలబడ్డది అప్పుడే. మోకాళ్ళ నొప్పులతో బాపు, దగ్గుతూ మామ, ఇద్దరు ముసలివాళ్ళు ఒకే పీరును చెరో వైపు పట్టుకొని గుండం చుట్టూ తిరిగారు. నాకు ఏడుపాగలేదు. మామ అది చూసి, "ఏం కాదు కోడలా, పోరగాండ్లకు జరమొచ్చింది. జరం దిగుతది" అన్నాడు. నేనూ అట్లాగే నమ్మాను.

ఆ తర్వాతి దసరాకు నేను ఒకరోజు ముందే ఇంటికి చేరాను. పొద్దున్నే బాపు మామను పిలవడానికి కండువా భుజాన వేసుకున్నాడు. శ్రీకాంత్ గుమ్మంలో నిలబడ్డాడు. "గీ హలాల్ ముచ్చట ఇంక మనింట్ల నడ్వది బాపూ. మా దోస్తులొస్తాండ్రు. ఒక్క ఏటుకు అయిపోతది" అన్నాడు. బాపు మాటల మనిషి కాదు. "మీ తాత పెండ్లికి వాళ్ళ తాత కోసిండురా" అని మాత్రం అన్నాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఊరంత ఒక్కమాట మీదున్నది. మనమొక్కలమే పిలిస్తె రేపు మనలనే అంటరు. నీకేం తెలుసు, నన్ను ఏమేమంటాండ్రో" అన్నాడు. నేను నా తరహాలో నోరు చేసుకున్నాను. అరిచాను, తిట్టాను, మామ లేకుండా ఈ ఇంట్లో పండుగ ఏందిరా అన్నాను. వాడు వినలేదు. బాపు కండువా తీసి దండెం మీద వేసి, మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దోస్తులు వచ్చారు. ఒకడు ఫోను పట్టుకున్నాడు. అంచు లేని ఆ కత్తినే పసుపు పూసి బయటికి తెచ్చారు. పొట్టేలుకు దండ వేసి వాకిట్లో నిలబెట్టి, దాని ముఖం ముందే కత్తి పైకెత్తి ఫోనుకు చూపించారు. అది ఒకటే వెనక్కి గుంజుకుంటోంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అయినట్టు, ఒకడు తాడు పట్టి ఒకడు కొమ్ము పట్టి, ఎవడూ సరిగ్గా పట్టలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ మీద పడినా తెగలేదు. పొట్టేలు తాడు తెంపుకొని నెత్తురోడుతూ వాకిలంతా తిరిగి గేటు దగ్గర కూలింది. అది అరిచిన అరుపు నేను ఏ దవాఖానలోనూ వినలేదు. అంతసేపు నినాదాలు చేసిన వాళ్ళల్లో ఒక్కడూ దాని దగ్గరికి పోలేకపోయాడు.

ఆ అరుపుకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. మామ ఉత్త చేతులతోనే వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నేల మీద చతికిలబడి, పొట్టేలు తలను ఒళ్ళోకి తీసుకొని, అరచేయి దాని కళ్ళ మీద పెట్టాడు. "అల్లుడా, జర అంచున్న కత్తి ఉంటె తే. నేను ముట్టనులే. నువ్వే పెట్టు, యాడ పెట్టాల్నో చెప్త. దాన్ని గిట్ల ఇడువొద్దు బిడ్డా" అన్నాడు.  శ్రీకాంత్ ఒక అడుగు ముందుకు వేయడం నేను చూశాను. వెనక నుంచి ఎవడో "ఏయ్ ముసలోడా, లెవ్వక్కడికెళ్ళి" అని గద్దించాడు. తమ్ముడు ఆగిపోయాడు. నేను కత్తి కోసం వంటింట్లోకి ఉరికాను. తెచ్చేసరికి పొట్టేలు అరవడం లేదు. మామ అరచేతి కింద మెల్లగా కాళ్ళు తన్నుకొని చల్లబడింది. మామ లుంగీ అంతా నెత్తురు. లేచి, "పండుగ పూట తప్పు పట్టకుండ్రి" అని ఎవరికో కాదు, గాలికి చెప్పినట్టు చెప్పి ఇంటికి పోయాడు.

మధ్యాహ్నానికి ఆ వీడియో బయటికి వచ్చింది. అందులో కత్తి లేదు, దోస్తులు లేరు, తాడు లేదు. నేల మీద నెత్తుటి లుంగీతో ఒక ముసలి సాయిబు, ఒళ్ళో దండ వేసిన పొట్టేలు, అంతే. పండుగనాడు ఇంట్లో జొరబడి దేవుని పొట్టేలును పొడిచి చంపాడని దాని మీద రాశారు. సాయంత్రానికి ముఖం తెలియని వాళ్ళు బండ్ల మీద మా వీధికి వచ్చారు. మామ ఇంటి కిటికీ పగిలింది. పోలీసులు వచ్చి ఆయనను జీపు ఎక్కించారు, కాపాడటానికేనని అన్నారు. బాపును ఆటోలో ఎక్కించుకొని నేను స్టేషనుకు పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎస్సై మంచివాడే. "నాకు తెలుసమ్మా. కానీ మీరు నిజం చెప్పేలోపల అది ఇంకో జిల్లా దాటుతది. కొన్ని రోజులు అందరు సప్పుడుజేక ఉండుండ్రి" అన్నాడు. వీడియో ఎవరు తీశారు, ఎవరు కోసి అతికించారు, ఎవరు పంపారు అంటే ఒక్కడూ నేనని ఒప్పుకోలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. శ్రీకాంత్‌ను చొక్కా పట్టుకొని అడిగాను, ఫోను ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పరా, జరిగింది చెప్పు చాలు అని. వాడు గోడకు ఆనుకొని తల దించుకున్నాడు. ఎంత గుంజినా తల ఎత్తలేదు.

మామను విడిచిపెట్టాక ఊళ్ళో ఎవరూ యాటకు పిలవలేదు. పిలవాలని ఉన్నవాళ్ళు భయపడి పిలవలేదు. నేను పోయి చూసినప్పుడు పగిలిన కిటికీకి అట్టముక్క కట్టి ఉంది, ఆయన మంచంలో ఉన్నాడు. మజ్జిగ చెంబు తీసుకుపోయాను. రెండు గుటకలు తాగి, "అల్లుడు మంచిగున్నడా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "వాని పేరెత్తకు మామా. వాడు నాకు తమ్ముడే కాదు" అన్నాను. 

మామ చాలాసేపు దగ్గాడు. "తిట్టకు కోడలా. వాడు భయపడ్డడు. బెదిరిన పొట్టేలే పొడుస్తది, నీకు నేను చెప్పాల్నా? ఎవడో వానికి దినాం కత్తి చూపెడతాండు. గా ఫోన్ల. మా ఇమ్రాన్‌కు గూడ చూపెడతాండ్రు, ఇంకో కత్తి. పొద్దుందాక చూపెడితె ఏ జీవమైనా ఆగమైతది" అన్నాడు. నేను కోపంగా, "మరి ఎవలు మూయాలె మామా గీ కండ్లను?" అన్నాను. "గదే నాకు తెలుస్తలేదు బిడ్డా. నాకు తెలిసింది గొర్ల పనే" అని కళ్ళు మూసుకున్నాడు.

చలికాలం దాటలేదు ఆయన. దగ్గు ఛాతీలోకి దిగిందన్నారు. దవాఖానకు పోదామంటే, బయటికొస్తే ఎవరైనా గుర్తుపడతారని రానన్నాడు. ఒకప్పుడు బస్సు కండక్టరుతో వీధి దద్దరిల్లేలా లొల్లి పెట్టుకున్న మనిషి, బస్సు ఎక్కడానికి భయపడి చనిపోయాడు.  ఆయన చావులో బాపు పాడె పట్టబోతే, ఇమ్రాన్ వెంట వచ్చిన కొత్త మనుషులు అడ్డం వచ్చారు. ఇమ్రాన్ బాపును చూశాడు. మా శ్రీకాంత్ గోడ దగ్గర తల దించుకున్నట్టే వీడూ దించుకున్నాడు. బాపు గోరీల దాకా వెనకాలే నడిచి, అందరూ పోయాక గుప్పెడు మట్టి వేసి వచ్చాడు. ఆ తర్వాత ఇమ్రాన్ తల్లిని తీసుకొని పట్నం వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో మాకు సరిగ్గా తెలియదు. ఫోను చేస్తే ఎత్తడు. బాపు కూర తినడం మానేశాడు. గొర్రెల మంద ఉన్న ఇంట్లో పచ్చిపులుసు పోసుకొని అన్నం తింటాడు. ఎందుకంటే, "ముల్లా ముట్టని కూర మనం ముట్టొద్దన్నది మీ అవ్వ" అంటాడు.

మొన్న, బజారులో ఆ కొట్టు దగ్గర గొడవపడిన మర్నాడు, శ్రీకాంత్ నా దవాఖానకు వచ్చాడు. ఆటోలో ఒక గొర్రెను వేసుకొచ్చాడు. జ్వరం, ఎగరొప్పుతోంది. బాపు పంపాడట. మా ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది. వాడు బాగా చిక్కిపోయాడు, ఆ దోస్తులు ఇప్పుడు లేరట, వాళ్ళకు ఇంకెవరో దొరికారు. నేను సూది నింపి కొంగు చాటున పెట్టుకున్నాను. "పట్టుకో" అందామని తల తిప్పేసరికి వాడి అరచేయి గొర్రె కళ్ళ మీద ఉంది. ఎవరూ చెప్పలేదు. మెల్లగా, బరువు వేయకుండా, బొటనవేలు చెవి కిందికి వచ్చేలా, అచ్చం మామ పెట్టినట్టే పెట్టాడు. సూది వేశాను. గొర్రె కదల్లేదు. 

వాడి కళ్ళ నుంచి నీళ్ళు కారి గొర్రె ఉన్ని మీద పడుతున్నాయి. "మామ నేర్పిండు గదక్కా, నాకు గూడ" అన్నాడు.

"గదే మాట నలుగురికి జెప్పు. ఆ వీడియో కింద రాయి" అన్నాను.

వాడు తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "రాస్తె నన్ను ఊర్ల బతకనియ్యరక్కా. నీకు తెల్వదు వాళ్ళ సంగతి" అన్నాడు. అప్పుడు చూశాను వాడి కళ్ళు. కత్తి చూసిన గొర్రె కళ్ళు. ఇన్నేళ్ళు దాచుకున్న తిట్లన్నీ నాలుక మీదికి వచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు. బెదిరినదాన్ని తిట్టవద్దని నాకు నేర్పిన మామ వాడికీ మామే. గొర్రెను రేపటి దాకా ఇక్కడే ఉంచిపొమ్మని చెప్పి, వాడికి అన్నం పెట్టి పంపాను. తినేటప్పుడు ఫోను జేబులోంచి తీయలేదు.

ఆ సాయంత్రం మా ఉద్యోగుల వాట్సాప్ గుంపులో ఎవరో ఆ వీడియోను మళ్ళీ పంపారు. అది చావదు. ఏడాదికి రెండు మూడుసార్లు తిరిగి వస్తుంది, ప్రతిసారీ ఇంకో ఊరి పేరుతో, నిన్ననే జరిగినట్టు. ఈసారి వేరే రాష్ట్రంలో జరిగిందని రాశారు. మామ మట్టిలో కలిసిపోయినా అందులో అట్లాగే కూర్చొని ఉన్నాడు, ఒళ్ళో మా పొట్టేలు, కళ్ళ మీద చెయ్యి. కింద నాతో రోజూ టీ తాగేవాళ్ళు కూడా, ఇట్లాంటి వాళ్ళను నరకాలని రాస్తున్నారు. ఎప్పటిలాగే నేను రాశాను. ఇది మా ఇల్లు. ఆ పొట్టేలు మాది. దాన్ని నరికింది ఆయన కాదు. ఆయన పేరు మదార్. చచ్చేటప్పుడు అది భయపడకూడదని కళ్ళు మూశాడు. ఇట్లా రాసినందుకు నన్ను తీసేసిన గుంపులు ఉన్నాయి, రాత్రికి రాత్రి ఎవరెవరో ఫోను చేసి తిట్టడాలు ఉన్నాయి. నా నోటి సంగతి వాళ్ళకు తెలియదు పాపం.

కాసేపటికి ఒకరు అడిగారు, ఇంతకీ నువ్వు ఆయనకు ఏమవుతావని.

కోడల్ని అని రాశాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, గొర్రెకు నీళ్ళు పెట్టడానికి బయటికి పోయాను.